పన్నెండో ఆప్షన్

మా నాన్నకి చూపు పోతోందన్న సంగతి ఆ వేసవి దాకా లోకంలో ఇద్దరికే తెలుసు, ఆయనకీ నాకూ. కనీసం నేను అలాగే అనుకున్నాను. కళ్లద్దాలు చేసే మనిషికే కళ్లు కనబడవంటే వీధి వీధంతా నవ్వుతుంది. ఆయన నవ్వులపాలు కాకుండా కాపాడే పని పదహారో ఏట నా నెత్తిన పడింది. ఎవరూ అప్పగించలేదు, నేనూ కావాలని అడగలేదు.

చూపు మొత్తం పోలేదు. అంచుల్లో బాగానే ఉండేది, నడిమధ్యలోనే మసక. వీధిలో ఎవరి ఆసరా లేకుండా నడిచేవాడు, ఎదురొచ్చినవాళ్లని నడకని బట్టి గుర్తుపట్టి పలకరించేవాడు. మొహంలోకి చూసి మాట్లాడాలంటే మాత్రం చెవివైపు చూసేవాడు. చిన్న అక్షరం ఏదీ అందేది కాదు. మా వ్యాపారమంతా చిన్న అక్షరాలే.

షాపులో ముందుగది అమ్మది. ఫ్రేములు తీసి చూపించడం, అద్దం పట్టుకోవడం, "మీ మొహానికి ఇదే బావుంది" అని వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెప్పడం ఆవిడ పని. చెక్క అడ్డుగోడ వెనక చిన్న గది నాన్నది. అందులో ఒక సాన యంత్రం, ఒక లెన్సు మీటరు, రెండు స్టూళ్లు. డాక్టరు రాసిన చీటీలో యాక్సిస్ అని ఒక అంకె ఉంటుంది, అద్దాన్ని ఏ కోణంలో తిప్పి బిగించాలో చెప్పేది. లెన్సు మీటరులో కన్ను పెట్టి, లోపలి పచ్చగీతలు తేటగా కనబడేదాకా అద్దాన్ని తిప్పి, కుదిరిన చోట మూడు సిరా చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలని బట్టే కోస్తారు. పది డిగ్రీలు తేడా వచ్చిందంటే పెట్టుకున్నవాడికి తలనొప్పి, వాడితో మాకు తలనొప్పి.

"నువ్వు చూడు బంగారం, నా చేతులు తడిగా ఉన్నాయి" అన్నాడు మొదటిరోజు. ఆయన చేతులు పొడిగానే ఉన్నాయి. చూశాను. రెండోరోజు దీపం బాగాలేదన్నాడు. నెల తిరిగేసరికి సాకులు చెప్పడం మానేశాడు. చీటీ నేను చదవాలి, చుక్కలు నేను పెట్టాలి, కోయడం ఆయన వంతు. చేతివేళ్లకి మాత్రం ఏ లోటూ లేదు. అద్దం అంచు మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి "ఇంకో రవ్వ తియ్యాలి" అనేవాడు. ఆ రవ్వ నాకు ఏ మీటరులో పెట్టినా కనబడేది కాదు.

అలా రెండేళ్లు. అమ్మకి చెప్పొద్దన్నాడు. చెప్పలేదు. అమ్మ దగ్గర ఒక రహస్యం దాచగలిగానని లోలోపల కొంచెం గొప్పగా కూడా ఉండేది, ఎందుకు అబద్ధం.

ఆ వేసవిలో ప్రవేశ పరీక్షలో నాకు ఆరువందల నలభయ్యో ర్యాంకు వచ్చింది. మా లెక్కల మాస్టారు చెమటలు కక్కుకుంటూ షాపుకొచ్చి, కళ్లద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చినట్టు నటించడానికి కూడా ఓపిక లేక, గుమ్మంలోంచే చెప్పేశాడు.

"కంప్యూటర్ సైన్స్ పెద్ద క్యాంపస్‌లోనే వచ్చేస్తుందండీ మీ అమ్మాయికి. మొదటి ఆప్షన్ అదే రాయించండి. మిగతావి ఊరికే లాంఛనం."

యూనివర్సిటీ ఒకటే, క్యాంపస్‌లు ఐదు. దరఖాస్తు కూడా అన్నిటికీ కలిపి ఒకటే. మనకి కావలసినవి ఇష్టం వచ్చిన వరసలో పెట్టుకోవాలి. యంత్రం పైనుంచి కిందికి దిగుతూ, మన ర్యాంకుకి అందే మొదటిదాని దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఏం రాశామో చూడనైనా చూడదు. అంటే ఉన్న తెలివంతా ఆ వరసలోనే ఉంది.

పెద్ద క్యాంపస్ రైల్లో తొమ్మిది గంటల దూరం. చూసొద్దాం పదమని నాన్నే బయల్దేరదీశాడు. అక్కడి కంప్యూటర్ ల్యాబు కిటికీలోంచి నేను తొంగిచూస్తుంటే, లోపల పాఠం చెబుతున్న మేడమ్ బయటికొచ్చి "చూడ్డమెందుకు, వచ్చి కూర్చో" అంది. బోర్డు మీద సగం చేసి వదిలేసిన లెక్క ఒకటి ఉంది. ఇద్దరు కుర్రాళ్లూ ఒక అమ్మాయీ దాని గురించి నిజంగానే పోట్లాడుకుంటున్నారు, గొంతులు లేచేలా. పావుగంటకి నేనూ ఆ పోట్లాటలో దిగాను. నా మాట తప్పని తేల్చారు, ఎందుకు తప్పో కూడా చెప్పారు. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదు.

బయటికొచ్చేసరికి నాన్న వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గంటన్నర అయిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నవ్వు వినబడింది. నీదే" అన్నాడు. తర్వాత నా చెవివైపు చూస్తూ, "ఇక్కడే చేరు. ఇంకో మాట లేదు" అన్నాడు.

"మరి షాపు?"

"షాపుని నువ్వు పుట్టకముందు నుంచీ నడుపుతున్నా."

అప్పుడాయన మాట నిజమే. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను. నమ్మకపోతే నాకు ఆ తొమ్మిది గంటల రైలు కూడా మిగలదు.

ఆ ఐదింట్లో ఈ ఏడే తెరుస్తున్న కొత్త క్యాంపస్‌ని వారం తర్వాత చూశాం. ఇంటి నుంచి బస్సులో నలభై నిమిషాలు. ఒకప్పుడు ఫర్నిచర్ షోరూమ్ అట, గాజు తలుపు మీద సోఫాసెట్ల బొమ్మ గీకినా ఇంకా పూర్తిగా పోలేదు. ల్యాబులో కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు తీయనేలేదు. ఎందుకలా ఉంచారని అడిగితే "సార్ చేరాక తీస్తాం" అన్నాడు అక్కడి అటెండరు. ఏ సార్ అంటే, ఇంకా ఎవర్నీ తీసుకోలేదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను నవ్వాపుకోలేకపోయాను. నాన్న నవ్వలేదు. "దగ్గరేలే" అన్నాడొకసారి, కిటికీవైపు తిరిగి. నేను పట్టించుకోలేదు.

వరస నేనే పెట్టాను. మొదటిది పెద్ద క్యాంపస్, కంప్యూటర్ సైన్స్. తర్వాత మిగతా మంచి క్యాంపస్‌లు, వాటిలో కంప్యూటర్‌కి దగ్గరి కోర్సులు. ఏ గడీ ఖాళీగా వదలొద్దన్న మాస్టారి మాట కాదనలేక కొత్త క్యాంపస్‌ని పన్నెండోదిగా పెట్టాను. అదే ఆఖరిది. ఇంట్లో అందరి పనులకీ అమ్మ ఫోన్ నంబరే కాబట్టి దరఖాస్తుకీ అదే ఇచ్చాను. పాస్‌వర్డు గోడ మీది క్యాలెండర్ వెనక రాసిపెట్టాను. దొంగలు పడి నా ఆప్షన్లు ఎత్తుకుపోతారని అనుకోలేదు మరి.

ఆఖరిరోజు ఉదయం నాన్న నన్ను హోల్‌సేల్ డీలర్ దగ్గరికి పంపాడు. లెన్సుల డబ్బా ఒకటి తక్కువొచ్చిందన్నాడు. వెళ్లి లెక్కపెట్టించాను, తక్కువేం రాలేదు. తిరిగొచ్చి అదే చెబితే "ఓహో, నేనే పొరబడ్డానేమో" అన్నాడు. సాయంత్రం ఐదింటికి దరఖాస్తులు వాటంతటవే మూతబడ్డాయి.

ఫలితాలు పదిరోజులకొచ్చాయి. ముందుగదిలో కౌంటరు మీద అమ్మ ఫోన్ పెట్టుకుని చూశాను. అమ్మా నాన్నా చెరోపక్క నిలబడ్డారు. తెర మీద పూలగుత్తి బొమ్మ ఒకటి, దాని కింద "అభినందనలు, మీ మొదటి ఆప్షన్ దక్కింది" అని. దాని కింద కొత్త క్యాంపస్ పేరు.

తప్పు పేజీ తెరిచానేమోనని మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే పూలగుత్తి.

"ఇదేంటి? ఇది పన్నెండోది కదా? మొదటిదెలా అయింది?"

అమ్మ ఫ్రేముల ట్రే సర్దుతోంది, సర్దే ఉన్న ట్రేని. నాన్న స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"నేనే" అన్నాడు. "ఆరోజు నువ్వు లేనప్పుడు తెరిచా. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూద్దామని. వేలు ఎక్కడో తగిలింది, ఏదో జరిగింది. చూసుకోలేదు. నాకు..." గొంతు సవరించుకున్నాడు. "నాకు కళ్లు కనబడవమ్మా. రెండేళ్లైంది."

ఆ మాట ఆయన నోటివెంట రావడం నేను వినడం అదే మొదటిసారి. నాతో కూడా ఎప్పుడూ అనలేదు. అమ్మ కౌంటరు పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. నా సీటు గురించి కాదు. సిగ్గేమిటంటే, నా సీటు గురించి ఏడవడానికి ఆరోజు నాకు తీరిక దొరకలేదు. చూపులేని మనిషి మీద, అదీ కన్నతండ్రి మీద, ఎలా కోప్పడతాం?

మర్నాడే ఆసుపత్రి. కంటి డాక్టరు చాలాసేపు చూసి, కంటి వెనక పొర దెబ్బతిందంది. ఉన్నదాన్ని నిలబెట్టడానికి ప్రయత్నిద్దాం, పోయింది రాదు అంది.

"ఇన్నాళ్లూ షాపు ఎలా నడిపారండీ?"

"అమ్మాయి సాయం" అన్నాడు నాన్న.

డాక్టరు నావైపు తిరిగింది. "రెండేళ్ల కిందటే తీసుకొచ్చి ఉంటే బావుండేదమ్మా" అంది. మెత్తగానే అంది. నేను నేలచూపులు చూశాను. రహస్యం దాచానని నేను గొప్పపడింది ఆ రెండేళ్లే.

ఆ వారంలోనే యూనివర్సిటీ సహాయ కేంద్రానికి కూడా వెళ్లాను, ఒక్కదాన్నే. అద్దం వెనక కూర్చున్నాయన నా కాగితం తిరగేసి, రెండో విడత ఉందిగాని అది నాకు కాదన్నాడు.

"రెండో విడతలో ఇప్పుడొచ్చిన సీటుకన్నా పైన రాసుకున్న వాటికి మారుస్తారు. మీకొచ్చింది మొదటిదే. దానిపైన ఏముంది?"

"అది పొరపాటున పైకెళ్లిందండీ. మా నాన్నగారికి చూపు..."

"అందరూ ఏదో ఒకటి చెబుతారమ్మా. వరస విద్యార్థి బాధ్యత. మొదటి పేజీలోనే రాసుంది." మరీ కటువుగా అన్నాననుకున్నాడేమో, "పోనీలెండి, మొదటిదొచ్చిందిగా" అని ఓదార్చాడు కూడా.

పెద్ద క్యాంపస్ కంప్యూటర్ సైన్స్‌లో ఆఖరి సీటు తొమ్మిదివందల పదకొండో ర్యాంకు దగ్గర ఆగింది. నా వెనక ఎంతమంది ఉన్నారో లెక్కవేయడం నాకు నిమిషం పని. వేయలేదు. వేయలేదంటే, బస్సెక్కేదాకా వేయలేదు.

ఇంట్లో ఆ తర్వాత అందరూ ఒకరినొకరు కంటికి రెప్పలా చూసుకున్నారు. నాన్న చుక్కల మందు వేసుకోవడం, అమ్మ దగ్గరుండి వేయించడం, నేను పనిగదిలో అద్దాలకి చుక్కలు పెట్టడం. "కాలేజీ నాలుగింటికల్లా వదిలేస్తారటగా, ఐదింటికల్లా ఇంట్లో ఉంటావు" అన్నాడు నాన్న ఒకరోజు. ఎవరో పుణ్యాత్ముడు మాకోసమే ఆ కాలేజీ గంటలు పెట్టినట్టు అన్నాడు. నేను తలూపాను.

చేరడానికి కొత్త క్యాంపస్‌కి వెళ్లినరోజు పెద్ద వరసేమీ లేదు, ముగ్గురం. దరఖాస్తు పూర్తి కాపీ వాళ్లే ప్రింటు తీసుకుని సంతకం పెట్టమంటారు. అక్కడి క్లర్కు వయసు మళ్లినవాడు, కాస్త సరదా మనిషి. రెండో పేజీలో, నేను చేసిన మార్పుల జాబితా చూసి నవ్వాడు.

"మరీ ఇంత ఇష్టమా తల్లీ మా క్యాంపసంటే? అందరూ దీన్ని కిందికి తోసేవాళ్లే. నువ్వు పన్నెండునించి ఒక్కో మెట్టే పదకొండుసార్లు పైకి జరిపావు."

"ఏదీ, చూపించండి."

చూపించాడు. పన్నెండు నుంచి పదకొండుకి, పదకొండు నుంచి పదికి, అలా ఒకటిదాకా. ఉదయం పదకొండూ నలభై ఎనిమిది నుంచి పదకొండూ యాభై రెండు. పొరపాటున తగిలిన వేలు ఒకసారి జారుతుంది, పోనీ రెండుసార్లు. ఒకే ఆప్షన్‌ని పట్టుకుని పదకొండుసార్లు పైకి మోయదు. ఆ జాబితాకి పైన ఇంకో పంక్తి ఉంది. ఫోన్‌కి పంపిన ఆరంకెల ఓటీపీ ఒకే ప్రయత్నంలో సరిపోయిందని.

చీటీ మీద వేలెడంత అంకె చదవలేని మనిషి, ఫోన్‌లో ఆవగింజలంత అంకెలు ఆరు, ఒక్కసారికే.

సంతకం పెట్టాను. పెట్టక ఏం చేస్తాను?

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు. షాపులో కస్టమర్లు లేరు. అడ్డుగోడ వెనక సాన యంత్రం తిరుగుతోంది, ఆ చప్పుడులో మా మాటలు లోపలికి వినబడవు. కాగితం కౌంటరు మీద అమ్మ ముందు పెట్టాను.

"ఓటీపీ ఎవరు చదివారు?"

అమ్మ కాగితం వైపు చూడలేదు. ఒక ఫ్రేము తీసి గుడ్డతో తుడవడం మొదలెట్టింది.

"నేనే."

"జరిపింది?"

"ఆయనే. నేను చదువుతుంటే ఆయన నొక్కారు. 'ఇంకా పైన ఎన్నున్నాయి' అంటే చెప్పాను. పైకి ఏమీ లేదనేదాకా."

"కళ్లు కనబడవని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నీకన్నా ముందే" అంది అమ్మ. "గోడకి అక్షరాల చార్టుంటుందే, ఒకరోజు దులపడానికని దించాను. ఈయన లోపల్నించి వచ్చి, ఎవరో కస్టమరుతో 'నా వయసు చూడకండి, ఇక్కణ్ణించి చివరి వరసదాకా చదువుతా' అని గడగడా చదివేశారు. గోడమీద మేకు తప్ప ఏం లేదు. ఆ వచ్చినాయన జోకనుకుని పడీపడీ నవ్వాడు."

"మరి ఎందుకు అడగలేదు?"

"ఆయన చెబుతారని చూశాను. రెండేళ్లు చూశాను. మీరిద్దరూ లోపల గుసగుసలాడుకుంటుంటే ఇక్కడ కూర్చుని వింటూనే ఉన్నాను. నా మొగుడికి చూపు పోతే నాకు తెలియకుండా ఉంటుందా?" తుడిచిన ఫ్రేమునే మళ్లీ తుడిచింది. "ఆరోజు నిన్ను పంపేసి, నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. 'నాకు కనబడదు, నువ్వు చదివిపెట్టు' అన్నారు. రెండేళ్లకి మొదటిసారి నన్నడిగారమ్మా. కాదనలేకపోయాను."

"ఏం చదువుతున్నావో తెలుసా నీకు?"

"తెలుసు."

"నన్నొక్క మాట అడిగుండొచ్చుగా. అడిగితే ఉండిపోయేదాన్నేమో."

"ఏమో అనే కదా అడగనిది" అంది అమ్మ.

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. చల్లారిందని చెబితే నా గురించి మంచిగా అనుకుంటారని తెలుసు. వాళ్లు నన్ను మోసం చేసినందుకు కూడా కాదు. ఆ పూట షాపులో నాన్నకోసం నేనూ ఏడ్చాను, అమ్మా ఏడ్చింది. నేను నిజంగా ఏడ్చాను.

యంత్రం ఆగింది.

"బంగారం, వచ్చావా?" లోపల్నించి నాన్న పిలిచాడు. "ఇటు రా తల్లీ, నాలుగు జతలున్నాయి. యాక్సిస్ చూసిపెట్టు."

నేను కదల్లేదు. అమ్మ నావైపు చూసింది.

"అమ్మ వస్తోంది నాన్నా" అన్నాను గొంతు పెంచి. "ఆవిడ చదువుతుంది, నువ్వు చెయ్యి. మీకిద్దరికీ అలవాటేగా."

అమ్మ గుడ్డ మడతపెట్టి కౌంటరు మీద ఉంచి, అడ్డుగోడ దాటి వెళ్లింది. నేను ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. ఎంతో సేపటికి ఆవిడ గొంతు వినబడింది, "ఇందులో కన్ను పెట్టాలా? ఏ కన్ను?" అని. నాన్న చెప్పసాగాడు, గీతలు ఎలా తేటపడతాయో, అద్దాన్ని ఎటు తిప్పాలో, చుక్కలు ఎప్పుడు నొక్కాలో. నాకు ఎంత ఓపిగ్గా చెప్పాడో అంతే ఓపిగ్గా చెప్పాడు. నన్ను మాత్రం మళ్లీ పిలవలేదు.

అమ్మ మొదటి జతకి అరగంట తీసుకుంది. మిగతా మూడూ దీపాలు పెట్టేలోపే అయిపోయాయి. షాపు మూసేముందు నేను లోపలికెళ్లి నాలుగు జతలూ మీటరులో పెట్టి చీటీలతో సరిచూశాను. ఒక్క డిగ్రీ తేడా లేదు. పెద్ద క్యాంపస్‌లో క్లాసులు మొదలై అప్పటికి మూడు రోజులు.